దూరదేశాల పరిమళం చెన్నై ఇంట్లో: సువాసన కొవ్వొత్తుల తయారీకి సమగ్ర మార్గదర్శి

ఖరీదైన సువాసన కొవ్వొత్తుల మీద ఇప్పుడు పువ్వుల పేర్ల కంటే ఊళ్ల పేర్లే ఎక్కువగా కనిపిస్తున్నాయి. ప్యారిస్‌లో 1643 నాటి నుంచి పేరున్న సీర్ ట్రుదోన్, అదే నగరంలో 1961లో మొదలై 1963లో తొలి సువాసన కొవ్వొత్తులను తెచ్చిన దిప్తిక్ వంటి సంస్థలు ఈ పనిని అత్తరు తయారీతో సమానమైన కళగా నిలబెట్టాయి. ఆ స్థాయి కొవ్వొత్తిని ఇంట్లో తయారు చేసుకోవడం సాధ్యమే. అయితే చలి దేశాల వారు తమ గదుల కోసం రాసుకున్న కొలతలను మే నెలలో నలభై డిగ్రీలు దాటే చెన్నైలో ఉన్నవి ఉన్నట్టుగా పాటిస్తే మైనం చెమర్చుతుంది, వాసన తేలిపోతుంది, వత్తి మసి కక్కుతుంది. అందుకే ఇక్కడ ప్రతి మెట్టూ మన వేడికి, మన ఉక్కపోతకు, రోజంతా తిరిగే మన సీలింగ్ ఫ్యానుకు తగ్గట్టుగా ఉంటుంది.

ఊరితో పాటు ఒక వేళను కూడా ఎంచుకోవాలి

కొత్తగా మొదలుపెట్టేవారిలో చాలామంది దేశం మొత్తాన్ని ఒక జార్‌లో పట్టాలని చూస్తారు. మొరాకో అనగానే పుదీనా టీ, నారింజ పూలు, అట్లాస్ దేవదారు, తోలు, కుంకుమపువ్వు అన్నీ గుర్తుకొస్తాయి, అన్నీ కలిపేస్తారు. వెలిగించిన పది నిమిషాలకు గదిలో తియ్యటి మసక వాసన తప్ప ఏదీ విడిగా తెలియదు. ఒక చోటు, ఆ చోటులో ఒక వేళ, ఆ వేళకు ఐదారు వాసనలు మాత్రమే ఉండాలన్నది ఈ పనిలో నేను అన్నిటికంటే ముందు పెట్టే నియమం.

ఒమాన్ దక్షిణ కొసన ఉన్న ధోఫార్ ప్రాంతాన్నే తీసుకుందాం. బోస్వెల్లియా సాక్రా అనే చెట్టు అక్కడి పొడి నేలల్లో పెరుగుతుంది. దాని బెరడును గీస్తే పాలలాంటి బంక కారి, ఎండలో గడ్డకట్టి, లేత పసుపు ముత్యాల్లా తయారవుతుంది. శతాబ్దాలపాటు ఓడల మీద, ఒంటెల మీద దేశాలు దాటిన ఈ బంక పుట్టిన నేలను యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దీన్ని మనం పరంగి సాంబ్రాణి అంటాము. శుక్రవారం సాయంత్రం పూజగదిలో నిప్పుల మీద వేసే మామూలు సాంబ్రాణి చాలావరకు ఆగ్నేయాసియాలోని వేరే చెట్ల బంక కాబట్టి అందులో వెనిలాకు దగ్గరగా ఉండే తీపి ఉంటుంది. ధోఫార్ బంక అలా ఉండదు. అది నిమ్మతొక్కనూ దేవదారునూ ఒకేసారి గుర్తుచేసేంత చల్లగా, పదునుగా ఉంటుంది. మరొక చిక్కు కూడా ఉంది. ఆవిరి పట్టి తీసిన తైలంలో ఆ చల్లదనం మాత్రమే వస్తుంది, నిప్పు మీద లేచే పొగ వాసన రాదు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు అక్కడి సలాలా కొండల మీద కురిసే తుంపర వేళ ఒక ఇంటి వసారాలో ధూపం వేసినట్టు అనిపించాలంటే, పొగ భావన కలిగించే మరో దినుసును విడిగా చేర్చాల్సిందే.

జపాన్‌లోని క్యోటోకు ఇంకో దారి ఉంది. అక్కడ హినోకి అనే సరళ వృక్షపు చెక్కతో స్నానపు తొట్లు చేస్తారు, ఆ దేశంలోనే ఇసే అనే ఊళ్లోని షింటో మహాలయాన్ని కూడా ఆ చెక్కతోనే కడతారు. డిసెంబరులో పగలు అన్నిటికంటే పొట్టిగా ఉండే రోజున వేడినీళ్లలో యూజు అనే నిమ్మజాతి పండ్లు వేసుకుని స్నానం చేసే ఆచారం ఆ దేశంలో ఉంది. తడిసిన చెక్క, ఆవిరి, పుల్లటి తొక్క అనే మూడింటితోనే ఆ వేళ కళ్లకు కట్టేస్తుంది. చెర్రీ పూలు, అగరు అన్నీ కలపాలన్న ఆశను ఇక్కడ అణచుకోవాలి.

మైనం ఎంపిక

కొబ్బరి మైనం వాసనను చాలా బాగా విడుదల చేస్తుంది. కానీ అది దాదాపు 40 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది కాబట్టి చెన్నై వేసవిలో ఒంటరిగా నిలవదు. జార్ కోసం తయారైన సోయా మైనం సుమారు 46 నుంచి 52 డిగ్రీల మధ్య కరుగుతుంది. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల వరకు గట్టిగా ఉంటుంది, అయితే దానికి సొంత తేనె వాసన ఉండటం వల్ల సున్నితమైన పరిమళాలను మింగేస్తుంది. పారాఫిన్ చవక, వాసన కూడా బలంగా వెదజల్లుతుంది. దాన్ని విషమని ఈసడించడం అతిశయోక్తే. వత్తి సరిగా కుదరకపోతే ఏ మైనమైనా మసి ఇస్తుంది.

ఇక్కడి ఇళ్లకు నా సలహా ఇది: జార్‌లకు ఉద్దేశించిన సోయా మైనం 90 పాళ్లు, తెల్లగా శుద్ధి చేసిన తేనెమైనం 10 పాళ్లు. తేనెమైనం వంతు పెంచితే వాసన తగ్గుతుంది, తగ్గిస్తే ఏప్రిల్, మే నెలల్లో పైపొర మీద నూనె చెమట పడుతుంది. మైనం ఎక్కడ కొన్నా అది జార్‌కా, అచ్చుకా అని అడిగి తీసుకోవాలి. అచ్చు మైనం జార్‌లో పోస్తే ఆరేటప్పుడు కుంచించుకుపోయి గాజు నుంచి విడిపోతుంది.

జార్, వత్తి

గోడలు నిటారుగా, మందంగా ఉండి, లోపలి వ్యాసం 7 నుంచి 8 సెంటీమీటర్లు ఉన్న, వేడిని తట్టుకునే గాజు జార్ మొదటి ప్రయత్నానికి తగినది. నడుము సన్నగా ఉన్నవి అందంగా కనిపించినా కిందికి వచ్చేసరికి మంట గోడకు దగ్గరై గాజు వేడెక్కుతుంది. పలుచటి టీ గ్లాసులు పగలవచ్చు. ఇత్తడి, స్టీలు గిన్నెలు చెయ్యి కాలేంత వేడెక్కుతాయి కనుక వాటి కింద చెక్క పలక తప్పనిసరి. జార్జిటౌన్ టోకు వీధుల్లో మంచి గాజు దొరుకుతుంది. వెలుతురుకు ఎత్తి పట్టి బుడగ, గీత, పగులు లేవని చూసుకుని కొనాలి.

వత్తి విషయంలో తొందర పనికిరాదు. నూలుతో అల్లి, మైనంలో ముంచి, కింద లోహపు బిళ్ల బిగించిన వత్తిని తీసుకోవాలి. వత్తి మధ్యలో సీసపు తీగ ఉండటాన్ని అమెరికా 2003లో నిషేధించింది. లోపల ఏ తీగ ఉందో తెలియని వత్తిని కొనకపోవడమే మంచిది. మైనం పట్టించని ఉత్త నూలు వత్తులు మన తేమలో నీరు పీల్చుకుని చిటపటలాడతాయి. జార్ వ్యాసాన్ని బట్టి అమ్మకందారు ఒక సైజు చెబుతారు. దానితోపాటు ఒక సైజు చిన్నది, ఒక సైజు పెద్దది కూడా తెచ్చుకోవాలి. తైలం మారితే వత్తి కూడా మారుతుంది. నిమ్మజాతి పలుచని తైలంతో చక్కగా వెలిగిన వత్తే బరువైన వెనిలా, గంధం తైలాలతో ఊపిరాడక చిన్నబోతుంది. జార్ లోపలి వెడల్పు 10 సెంటీమీటర్లకు చేరితే ఒక పెద్ద వత్తి కంటే రెండు చిన్న వత్తులు మేలు.

పరిమళం కూర్చడం

కొవ్వొత్తుల కోసమే తయారైన సువాసన తైలాలనే ప్రధానంగా వాడాలి. ట్రిప్లికేన్ దుకాణాల అత్తరు ఒంటికి రాసుకోవడానికి ఉద్దేశించినది. అది ఏ మూల ద్రవంలో కలిసి ఉందో, మంటకు ఎలా స్పందిస్తుందో మనకు తెలియదు. సహజ తైలాలు మంచివే, కానీ అన్నీ మంటకు నిలవవు, కొన్నింటి ధర కొవ్వొత్తికి కుదరదు. బల్గేరియాలోని కజన్లక్ గులాబీ లోయలో మే, జూన్ నెలల్లో తెల్లవారుజామునే కోసే పూలనుంచి ఒక కిలో తైలం తీయడానికి మూడు టన్నులకు పైగా పూలు కావాలి. అలాంటి తైలాన్ని మైనంలో కాల్చడం దాన్ని అవమానించడమే. ఆ లోయను తలపించే మంచి సువాసన తైలం వాడుకోవచ్చు.

కొనేటప్పుడు అమ్మకందారు నుంచి రెండు పత్రాలు అడగాలి: భద్రతా వివరాల పత్రం, ఇఫ్రా ధ్రువపత్రం. ఇఫ్రా అంటే 1973లో ఏర్పడిన అంతర్జాతీయ సుగంధ పరిశ్రమల సంఘం. దాని నియమాల్లో కొవ్వొత్తులు 12వ వర్గంలోకి వస్తాయి. ఆ వర్గానికి ఎంత శాతం వరకు అనుమతి ఉందో పత్రంలో చూసుకోవాలి.

కాగితపు పట్టీల మీద ఒక్కో తైలం ఒక్కో చుక్క వేసి, నాలుగైదు పట్టీలను విసనకర్రలా పట్టుకుని ముక్కుకు కాస్త దూరంలో ఆడిస్తే మిశ్రమం ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఒక పట్టీని వెనక్కి లాగి, ఇంకొకటి ముందుకు తెచ్చి పాళ్లను సరిచూసుకోవాలి. అరగంట తరువాత మళ్లీ వాసన చూడటం ముఖ్యం, ఎందుకంటే నిమ్మజాతి తైలాలు అప్పటికే సగం ఎగిరిపోయి ఉంటాయి, చెక్క, బంక, వేరు వాసనలు మాత్రం నిలిచి ఉంటాయి. కొవ్వొత్తి గదిలో గంటలకొద్దీ వెలుగుతుంది కనుక రెండోసారి వచ్చే వాసనే మన అసలు వాసన.

ధోఫార్ తుంపర వేళకు పది పాళ్ల లెక్క: పరంగి సాంబ్రాణి 4, దేవదారు 2, పొగ భావనకు గ్వాయాక్ చెక్క 1, యాలకులు 1, గులాబీ 1, తియ్యటి సాంబ్రాణి 1. యాలకులు, గులాబీ ఎందుకంటే ఒమాన్ ఇళ్లలో అతిథికి ఇచ్చే కాఫీలో యాలకులు పడతాయి, కొన్నిసార్లు పన్నీరు కూడా. క్యోటో స్నానానికి: హినోకి 5, యూజు 2, దేవదారు 1, గ్రీన్ టీ 1, వట్టివేరు 1. ఎండాకాలంలో చెన్నై ఇళ్లలో మంచినీళ్ల కుండలో వేసే ఆ వట్టివేరే తడి నేల వాసన ఇచ్చి, యూజు త్వరగా ఎగిరిపోకుండా కింద ఆధారంగా నిలబడుతుంది. మడగాస్కర్ వెనిలాతో చేసేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: వెనిలిన్ ఉన్న ఏ తైలమైనా మైనాన్ని గోధుమ రంగుకు తిప్పుతుంది. దాన్ని దాచాలని చూడకుండా ముదురు రంగు జార్ ఎంచుకుంటే సరిపోతుంది.

కూర్చిన మిశ్రమాన్ని ముదురు రంగు గాజు సీసాలో వారం రోజులు మూసి ఉంచాకే మైనంలో కలపాలి.

తూకం, కరిగించడం, పోయడం

ఒక గ్రాములో పదో వంతు వరకు చూపించే డిజిటల్ తూకం, వంటకు వాడే థర్మామీటర్ లేకుండా ఈ పనికి దిగకూడదు. చెంచాలతో, చుక్కలతో కొలిస్తే రెండోసారి అదే కొవ్వొత్తి రాదు.

ఖాళీ జార్‌ను తూకం మీద పెట్టి సున్నా చేసి, మైనం ఎంతవరకు రావాలో అంతవరకు నీళ్లు పోయాలి. 200 గ్రాములు వచ్చిందనుకుందాం. మైనం నీటి కంటే తేలిక కనుక 0.9తో గుణిస్తే 180 గ్రాములు అవుతుంది. ఇది మైనం, తైలం కలిసిన మొత్తం. మైనం బరువులో 8 శాతం తైలం వేయాలంటే 180ని 1.08తో భాగించాలి. మైనం 166.7 గ్రాములు, తైలం 13.3 గ్రాములు వస్తాయి. ధోఫార్ లెక్కలో ఒక పాలు 1.33 గ్రాములు కాబట్టి పరంగి సాంబ్రాణి 5.3 గ్రాములు పడుతుంది. ఇఫ్రా పరిమితిని మాత్రం మొత్తం బరువు మీద లెక్కించాలి, ఆ లెక్కన ఇది 7.4 శాతం. 10 శాతం వేస్తే వాసన పెరుగుతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. సోయా మైనం పట్టుకోలేని తైలం పైకి తేలి జార్ గోడల మీద జిడ్డుగా చేరుతుంది, మంటను కూడా చెడగొడుతుంది. 6 నుంచి 8 శాతం మధ్య ఆగడం మేలు.

కొలిచిన జార్‌ను పూర్తిగా తుడిచి, ఎండలో ఆరబెట్టాలి. ఒక్క నీటి చుక్క ఉన్నా మంట చిటపటలాడుతుంది. వత్తి బిళ్లను వేడిని తట్టుకునే రెండువైపుల జిగురు బిళ్లతో అడుగున నడిమధ్యలో అతికించి, పైన రెండు ఐస్‌క్రీమ్ పుల్లల మధ్య వత్తిని నిటారుగా నిలపాలి.

పెద్ద గిన్నెలో నీళ్లు మరుగుతుండగా దానిలో ముక్కు ఉన్న స్టీలు పాత్రను నిలిపి మైనం కరిగించాలి. మైనం ఉన్న పాత్రను నేరుగా మంట మీద పెట్టకూడదు. తేనెమైనం ముందు వేసి, అది కరిగాక సోయా వేయాలి. మొత్తం 80 నుంచి 85 డిగ్రీలకు వచ్చాక పొయ్యి ఆపేసి, పాత్రను పక్కకు దించి, అప్పుడు తైలం పోయాలి. తైలానికి ఒక జ్వలన స్థానం ఉంటుంది, అంటే ఆ వేడి దాటాక దాని ఆవిరి దగ్గర్లోని మంటను అందుకోగలదు. పొయ్యి ఆపమనడం అందుకే. తైలం వేశాక రెండు నిమిషాలపాటు అడుగు తాకుతూ నెమ్మదిగా కలపాలి. గిలకొడితే గాలి బుడగలు చేరతాయి.

పోసే వేడి మైనాన్ని బట్టి మారుతుంది. ఈ మిశ్రమానికి 60 నుంచి 65 డిగ్రీలు అనువైనవి. చలి దేశాల్లో జార్‌ను ముందుగా వేడిచేయమంటారు. వేసవిలో ఇక్కడి గది వేడే ఆ పని చేస్తుంది, డిసెంబరు వానల్లో మాత్రం గోరువెచ్చగా చేసుకోవడం మంచిది. సన్నటి ధారగా పోసి, ఫ్యాను ఆపి, ఏసీ గాలి తగలని చోట కదపకుండా రాత్రంతా వదిలేయాలి. ఫ్రిజ్‌లో పెట్టి తొందరపెడితే పగుళ్లు వస్తాయి.

పని జరుగుతున్నంతసేపూ మనిషి పక్కనే ఉండాలి. మైనం అంటుకుంటే నీళ్లు పోయకూడదు, మంట ఎగసిపడుతుంది. పొయ్యి ఆపి, మూత వేసి గాలి ఆడకుండా చేయాలి. ఆ మూతను మొదటినుంచీ చేతికి అందేలా పెట్టుకోవాలి.

మాగనివ్వడం

గట్టిపడిన కొవ్వొత్తి అప్పుడే తయారైనట్టు కాదు. సోయా మైనంలో తైలం కుదురుకోవడానికి రెండు వారాలు పడుతుంది, ఆవకాయ ఊరినట్టే. మూత పెట్టి చీకటిగా, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే అలమరలో ఉంచాలి. మూడో రోజు వెలిగించి వాసన రాలేదని తైలం పెంచేవారే ఎక్కువ.

వెలిగించి పరీక్షించడం

నాణ్యతను తేల్చేది ఈ మెట్టే. ఖరీదైన జార్, బంగారు అక్షరాలు, పట్టు రిబ్బను ఇవేవీ విలాసం కావు. చివరి గంట వరకు మసి లేకుండా, సమంగా, మొదటి రోజు వాసనతో వెలగడమే విలాసం.

వత్తిని 5 మిల్లీమీటర్లకు కత్తిరించి, ఫ్యాను లేని గదిలో సమతలమైన బల్ల మీద వెలిగించి, గంట గంటకూ రాసుకోవాలి. మొదటి గంటకు వత్తి చుట్టూ చిన్న మడుగు ఏర్పడుతుంది. మూడు, నాలుగు గంటలకు కరిగిన మైనం అంచుకు దగ్గరగా చేరాలి, లోతు ఒక సెంటీమీటరు మించకూడదు. గోడకు ఇంకా సన్నటి మైనపు పొర మిగిలి ఉంటే కంగారుపడి పెద్ద వత్తికి మారనక్కర్లేదు. జార్ సగానికి దిగాక వేడి లోపలే నిలిచి ఆ పొర దానంతట అదే కరుగుతుంది. మొదటి రోజే గంటన్నరలో అంచును తాకే వత్తి కింది సగంలో ప్రమాదకరంగా వేడెక్కుతుంది, దాన్నే పక్కన పెట్టాలి. నాలుగు గంటలకు ఆర్పి, పూర్తిగా చల్లారాక మళ్లీ వత్తి కత్తిరించి వెలిగించాలి. ఇలా అడుగున ఒక సెంటీమీటరు మైనం మిగిలేవరకు కొనసాగించాలి. ఒక్కసారి వెలిగించి చూడటాన్ని పరీక్ష అనలేము.

వత్తి కొసన నల్లటి బొడిపె కట్టి, మంట ఊగుతూ మసి పడితే వత్తి పెద్దదైందనో తైలం ఎక్కువైందనో అర్థం. మంట నిలకడగా ఉన్నా వత్తి చుట్టూ గొయ్యి పడి, గోడల మైనం అలాగే మిగిలితే వత్తి చిన్నది. పైన తెల్లటి పొగమంచు చారలు కనిపిస్తే అది సోయా సహజ గుణం, వాసనకు నష్టం లేదు. వెలిగించకుండా ముక్కు దగ్గర బాగుండి, వెలిగించాక ఏమీ రాకపోతే ముందు వత్తి మార్చి చూడాలి, ఆ తరువాతే తైలం.

వాడే ఇళ్లలో ఫ్యాను సంగతి విడిగా చెప్పాలి. తిరిగే ఫ్యాను కింద మంట ఒక పక్కకు వంగి, జార్ ఒకవైపే కాలుతుంది. ఫ్యాను ఆపలేని రోజుల్లో పైనుంచి బల్బు వేడితో మైనాన్ని కరిగించే దీపం వాడితే మంట లేకుండానే వాసన వస్తుంది. తెరలకు, పిల్లలకు, పెంపుడు జంతువులకు దూరంగా పెట్టాలి, ఆర్పిన తరువాత కిటికీలు తెరవాలి.

ఇవ్వడం, అమ్మడం, నిలవ ఉంచడం

అమ్మదలిస్తే ప్యాకింగ్ వస్తువులకు వర్తించే 2011 నాటి లీగల్ మెట్రాలజీ నియమాల ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, నికర బరువు, తయారైన నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదుకు సంప్రదించే వివరాలు వంటివి లేబుల్ మీద ఉండాలి. వాటితోపాటు వత్తి కత్తిరించమనీ, నాలుగు గంటలకు మించి వెలిగించవద్దనీ, అడుగున ఒక సెంటీమీటరు మైనం మిగిలినప్పుడు ఆపేయమనీ తెలుగులో కూడా ముద్రిస్తే మన ఇళ్ల పెద్దవాళ్లకు ఉపయోగపడుతుంది. ప్రతి విడతకూ ఒక సంఖ్య వేసి, దానికి ఎదురుగా పాళ్లు, వేడి, వత్తి సైజు పుస్తకంలో రాసుకోవాలి.

ఏప్రిల్ నుంచి జూన్ వరకు హైదరాబాదుకో విజయవాడకో కొరియర్‌లో పంపాలంటే, మధ్యాహ్నపు వ్యానులో మైనం కరిగే అవకాశం ఉందని కొనేవారికి ముందే చెప్పి, మూత చుట్టూ టేపు బిగించి, జార్‌ను నిలువుగానే ఉంచమని పెట్టె మీద రాయాలి. కరిగి మళ్లీ గట్టిపడిన కొవ్వొత్తి పైభాగం వికారంగా కనిపించినా వత్తి కదలకపోతే వాడుకోవచ్చు. కదిలి గోడకు ఆనితే మాత్రం వెలిగించకుండా వెనక్కి తెప్పించుకుని, మైనాన్ని కరిగించి కొత్త వత్తితో మళ్లీ పోయాలి. ఖాళీ అయిన జార్‌లను తిరిగి తీసుకునేవారు మిగిలిన మైనాన్ని సింకులో పోయకుండా గోరువెచ్చని నీళ్ల గిన్నెలో నిలిపి మెత్తబరిచి, చెంచాతో తీసి, కాగితంతో తుడిచాకే సబ్బుతో కడగాలి.